గులాబీలు తెల్లబడిన ఫొటో

మా చర్చి వాళ్లలో శవపెట్టె మూత వేసే ముందు ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడి ఒక ఫొటో దిగుతారు. దబీర్‌పురాలో మావాళ్లెవరు పోయినా ఆ ఫొటో నేనే తీస్తాను. షారోన్‌దీ నేనే తీశాను. నిండా పాతికేళ్లు లేని పిల్ల! బాప్తిస్మం రోజు నవ్వించి ఫొటో తీసిన పిల్లను పెట్టెలో చూసేసరికి కెమెరాను నేలకేసి కొట్టాలనిపించింది.

బాత్‌రూంలో జారిపడిందన్నారు. సమాధి చేసిన మర్నాడు వాళ్లన్న శ్రవణ్ నా స్టూడియోకి వచ్చాడు.

"అంకుల్, బ్లాక్ అండ్ వైట్ చెయ్యి. మొకం జర తెల్లగ రావాలె, పాత ఫొటోల లెక్క."

"చేస్త పో. చూసుకోనీకి అమ్మను పంపియ్యి," అన్నాను.

రీలు కాలంలో దీనికో కిటుకు ఉండేది. లెన్స్ ముందు ఎర్ర అద్దం బిగిస్తే నలుపు తెలుపు ఫొటోలో ఎర్రటివన్నీ తేలిపోతాయి. మొటిమలూ మచ్చలూ మాయమై మొహం నున్నగా వస్తుంది. ఇప్పుడా అద్దం పని కంప్యూటరే చేస్తుంది. ఎర్ర ఫిల్టర్ పెట్టాను. మొహం వెలిగింది గానీ దండలోని ఎర్ర గులాబీలు కూడా సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి. నా ఖర్మ! తల్లి ఏరికోరి తెచ్చిన గులాబీలవి. ఆకుపచ్చ ఫిల్టర్ పెడితే ఎరుపు నల్లగా తిరుగుతుంది కదా అని అది పెట్టి చూశాను.

గులాబీలు నల్లబడ్డాయి. వాటి పైన మెడ కూడా నల్లబడింది. ఒక పక్క నాలుగు మచ్చలు, రెండో పక్క ఒకటి. ఎవరో గొంతు పట్టుకున్నారు! రంగుల ఫొటోలో మళ్లీ వెతికాను. పౌడర్ కింద లేత ఎరుపు, అంతే.

అప్పుడే షారోన్ తల్లి మాణిక్యమ్మ వచ్చింది. దాచడానికి నాకు మనసొప్పలేదు.

"అక్కా, ఎర్ర ఫిల్టర్‌ల ఏం కనవడలే. గీ ఆకుపచ్చదాంట్ల చూడు. పిల్ల జారిపడలే."

ఆమె చూసింది. కొంగు నోట్లో కుక్కుకుంది. కొంగు తీసి తెర మీది మెడను తడిమింది.

"అందుకే పౌడర్ మందంగ రాసిన."

"నీకు ఎరుకేనా?"

"దాని పెండ్లి లొల్లిల శ్రవణ్ కోపంల పట్టుకున్నడు, డానియేలూ. సంపాలని కాదు. ఎర్రదే పెట్టు. నీ కాళ్లు మొక్కుత."

ఒళ్లు మండిపోయింది. "ఆ చేతుల్తోనే వచ్చి చెల్లె మొకం తెల్లగ చెయ్యమన్నడా! సిగ్గు లేదా వానికి?"

"ఒకతి పోయింది. వాణ్ని గూడ తీస్కపోతే నేనెట్ల బతకాలె?"

"ఆ పిల్లకు బతుకొద్దా మరి?"

"మచ్చలు కంప్యూటర్ల నువ్వే పెట్టినవంటరు. నువ్వే ఇరుక్కుంటవ్."

"రంగులు మార్చిన గానీ మచ్చలు నేను పెట్టలే. అసలు ఫొటో కెమెరా కార్డుల ఉంది. సమాధి తవ్వి చూసుకోమంట."

నాకు భయం లేదని కాదు. అయినా కార్డు జేబులో వేసుకుని షట్టర్ దించాను. మాణిక్యమ్మ నా చొక్కా పట్టుకుని లాగింది. విడిపించుకున్నాను. ఆమె మెట్ల మీద కూలబడి గుండెలు బాదుకుంది.

నేను పోలీస్ స్టేషన్ వైపు నడిచాను. గల్లీ మలుపు దాకా ఆమె ఏడుపు వినబడుతూనే ఉంది. కొడుకు పేరు పెట్టి ఏడుస్తోంది. షారోన్ పేరు ఒక్కసారి కూడా రాలేదు.