కెమెరా కంటపడని మూల

ఆ గోదాములోకి అడుగుపెట్టడం ఎవరి వల్లా కావడం లేదు. అంతా ఆమె చేతి చలవే. అదొక పెద్ద వీడియో గేము, ఊరంతా ఇష్టమొచ్చినట్టు తిరగనిస్తుంది. రేవులో షికారు చేయొచ్చు, కారు దొంగిలించొచ్చు, ఏమీ తోచకపోతే ఈత కొట్టొచ్చు. కానీ కథ ముందుకు కదలాలంటే గోదాములో ఉన్న పెట్టె కావాలి. ఆ పెట్టెకి ఎనిమిదిమంది కాపలావాళ్లు, నాలుగు కెమెరాలు. ఎవడు ఎప్పుడు ఎటు నడవాలో, ఎటు చూడాలో రాసేది ఆమె. ఒళ్లు దగ్గర పెట్టుకుని రాసింది. ఈగ దూరే సందు కూడా వదల్లేదు.

ఆడి చూడమని పిలిచిన పన్నెండుమందీ గేటు దగ్గరే చచ్చి ఊరుకున్నారు. ఒకాయనైతే ఆట మధ్యలో వదిలేసి, టీ తాగి ఇంటికి వెళ్లిపోయాడు.

"జనం ఆడుకోవడానికొస్తారు మేడం, జైల్లో పడడానికి కాదు," అన్నాడు టీము పెద్ద. నోరు తెరిస్తే గడువు మాటే వస్తుంది కాబట్టి ఆఫీసులో ఆయన్ని గడువుగారంటారు. "శుక్రవారంలోపు ఆ కాపలావాళ్లకేదైనా లోపం పెట్టండి. లేదంటే గోదాము ఇంకొకరికి ఇచ్చేస్తాను."

మూడేళ్లపాటు పరాయివాళ్ల పనిలో తప్పులు ఏరాక, సొంతంగా చేతికొచ్చిన మొదటి పని అది. పోగొట్టుకోవడం ఆమెకి ఇష్టం లేదు. ఒక కాపలావాడికి చెవుడు పెట్టి చూసింది, ఇంకొకడికి కునుకు పెట్టి చూసింది. ఏదీ అతకలేదు. కళ్లు మండిపోయి, మెడ పట్టేసి, గురువారం ఇంటికొచ్చి సోఫాలో కూలబడింది.

పక్కనే నాన్న కాళ్లు చాపుకుని మోకాళ్లకి మందు రాసుకుంటున్నాడు. ఆయన ఇరవై రెండేళ్లుగా టైర్ల కంపెనీలో వాచ్‌మన్. అక్కడ వాచ్‌మన్‌కి కుర్చీ వేయరు, కూర్చుంటే నిద్రపోతాడట. ఆ రూలు రాసిన మహానుభావుడు మాత్రం కుర్చీలో కూర్చునే రాసి ఉంటాడు.

"నాన్నా, ఎంత జాగ్రత్తగల వాచ్‌మన్ అయినా ఎక్కడ దొరికిపోతాడు?"

ఆయన వంటింటి వైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు. "ఎవరితోనూ అనకు. మీ అమ్మకి కూడా తెలీదు. సాయంత్రం నాలుగయ్యేసరికి ఈ కాళ్లు నావి కావమ్మా. షట్టరు వెనక మూలకి కెమెరా అందదు. అక్కడ రంగు డబ్బా బోర్లించుకుని కాసేపు కూర్చుంటా. అదే లేకపోతే ఈ ఉద్యోగం ఎప్పుడో వదిలేసేవాణ్ణి."

"నేనెవరితో అంటాను నాన్నా," అంది.

శుక్రవారం మధ్యాహ్నానికల్లా ఆ మూల, ఆ షట్టరు, ఆ డబ్బాతో సహా ఆటలోకి వచ్చేశాయి. ఒక కాపలావాడు కెమెరా కంటపడకుండా వచ్చి, డబ్బా మీద కూర్చుని, మోకాళ్లు పట్టుకుంటాడు. వెనకనుంచి వెళ్లి ఒక్క బటన్ నొక్కితే చాలు, పడిపోతాడు. తాళాలు వాడి నడుముకే ఉంటాయి.

ఈసారి ఆడినవాళ్లంతా లోపలికి వెళ్లారు. గోదాము ఆమె దగ్గరే ఉండిపోయింది. గడువుగారు గడువు ఊసెత్తకుండా పొగిడాడు. ఆ కాపలావాడికి ఆఫీసులో డబ్బామామ అనే పేరు స్థిరపడిపోయింది. "ఏంటి, డబ్బామామని వేసేశావా?" అనడం టీ దగ్గర పలకరింపైంది. విన్నప్పుడల్లా ఆమెకి నాన్న మోకాళ్లు గుర్తొచ్చేవి. అయినా అందరితోపాటు నవ్వేది. మార్చేద్దామని రెండుసార్లు ఫైలు తెరిచింది కూడా. మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టే ఓపిక లేక మూసేసింది.

తర్వాతి నెలలో ఒకరోజు ఉద్యోగుల ఇంట్లోవాళ్లని ఆఫీసుకి పిలిచారు. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు.

"అంకుల్, మీ అమ్మాయి చేసిన గోదాము మీరు ఆడి తీరాలి," అంటూ గడువుగారు ఆయన్ని తెర ముందు కూర్చోబెట్టాడు.

"అది వద్దు నాన్నా, కార్ల పందెం బాగుంటుంది," అంది ఆమె గాభరాగా.

"నువ్వు చేసింది వదిలేసి నాకు కార్లెందుకే?"

కంట్రోలర్ పట్టుకోవడం సరిగ్గా రాలేదు గానీ, కాపలావాళ్ల సంగతి ఆయనకి ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. "వీడిప్పుడు ఇటు తిరుగుతాడు. వీడు మలుపులో ఒక్క క్షణం ఆగుతాడు చూడండి," అంటూ ఒక్కొక్కర్నీ దాటుకుపోయాడు. వెనక చేరినవాళ్లు ఈలలు వేశారు. ఆమెకి అక్కణ్నుంచి పారిపోవాలనిపించింది. ఆయన షట్టరు దాకా వచ్చాడు. పక్కకి తిరిగాడు.

డబ్బా మీద వాడు మోకాళ్లు పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

నాన్న చేతులు ఆగిపోయాయి. కూతురి వైపు చూడలేదు. తిరిగి నాలుగు తిట్లు తిట్టినా బాగుండుననిపించింది ఆమెకి. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

"నొక్కండి అంకుల్! డబ్బామామ దొరికాడు, వేసేయండి!" అని వెనకనుంచి ఎవరో కుర్రాడు అరిచాడు.

ఆయన బటన్ మీంచి వేలు తీసేశాడు. "ఉండు బాబూ," అన్నాడు. "ఇప్పుడేగా వచ్చి కూర్చున్నాడు."

గదిలో నవ్వులు తగ్గాయి. తెర మీద వాడు మెల్లగా లేచి, నడుం సరిచేసుకుని, వెనక్కి తిరిగాడు. ఎదురుగా ఉన్న మనిషిని చూసి తుపాకీ పేల్చాడు.

"అయ్యో, పోయారే అంకుల్!" అన్నాడు గడువుగారు.

"పర్లేదండీ. వాడి డ్యూటీ వాడు చేశాడు."

నాన్న కుర్చీలోంచి లేవబోయాడు. మోకాలు పట్టేసి మళ్లీ కూలబడ్డాడు. ఆమె గబుక్కున చెయ్యి అందించింది. ఆయన బల్ల అంచు పట్టుకుని, తనంతట తనే లేచాడు.