మౌన్సీ గారు

ఆ పొద్దున ఆకాశం తడిసిన గోనెపట్టాలాగా కొండ నెత్తిన కూర్చుని ఉంది. వాన పడలేదు, పడనని మాటా ఇవ్వలేదు. ఆ మసక వెలుతురులో జాస్ ఫెరన్ తన గొర్రెల నడుములు చూసుకుంటూ నిలబడ్డాడు. సగం మంద మీద నీలం రంగు ఉంది.

మా కంబర్లాండ్ కొండల్లో నవంబరులో పొట్టేలును మందలోకి వదిలేముందు దాని ఛాతీకి రంగు పూస్తాం. ఏ గొర్రె దగ్గర పని అయిందో దాని నడుమే చెబుతుంది. జాస్ పొట్టేలుది ఎరుపు. నీలం పక్క పొలం విల్ఫ్ మౌన్సీది. విల్ఫ్ తన పొట్టేలుకు బిషప్ అని పేరు పెట్టాడు. పొడుగు మొహం, ఎవరి పాపాలో విని విని విసిగిన చూపు. పల్లపు జాతి. దానికి పుట్టినవి చూడ్డానికి లావుగా ఉంటాయి గాని, కొండ మీద మొదటి మంచుకే కాళ్లు చాపేస్తాయి. జాస్‌దేమో తాతల నాటి కొండ మంద. ఆ వంశానికి బిషప్ రాత్రికి రాత్రి వచ్చి దీవెనలిచ్చి పోయాడు.

అరువు తెచ్చుకున్న గడ్డపార ఇచ్చేద్దామని నేను వెళ్లేసరికి విల్ఫ్ కూడా గేటు దగ్గరికి వచ్చాడు.

"ఏంటి మర్రా, పొద్దున్నే ఆడవాళ్ల వెనకాల నిలబడి చూస్తున్నావు?"

జాస్ నెమ్మదిగా తిరిగాడు. "మౌన్సీ గారూ, తమరి బిషప్పుని కాస్త ఇంట్లో కట్టేసుకుంటారా?"

విల్ఫ్ మొహంలో నెత్తురు దిగిపోయింది. అతన్ని గారూ అనడం నేనెన్నడూ వినలేదు. పన్నులవాడు కూడా అనలేదు.

సైన్యంలో నేను అన్ని జిల్లాల వాళ్ల పిలుపులూ విన్నాను. డెర్బీ వైపు మగాడు మగాణ్ణి బాతూ అంటాడు. లాంకషైర్ వాడు పుంజూ అంటాడు. కార్న్‌వాల్ వాడొకడు మొదటి రోజే నన్ను ప్రియుడా అన్నాడు. నేను మంచం మార్చుకున్నాను. మేం మర్రా అంటాం. జోడులో ఒక బూటు కనిపించకపోతే దీని మర్రా ఏదీ అని వెతుకుతాం. జతగాడని అర్థం, అంతే. మర్రా అనేవాణ్ణి పేరు పెట్టి పిలిచామంటే కోపం వచ్చిందని. గారూ అన్నామంటే శవం లేచిందని.

బడి రోజుల నుంచీ వాళ్లిద్దరికీ మర్రా అనే పిలుపే. ఇప్పుడు సంతలో గారు, చర్చిలో గారు, బీరు కొట్లో గారు. పాదిరీ మధ్యలో దూరి, కనీసం సోదరా అని పిలవమన్నాడు జాస్‌ని.

"నా సొంత తమ్ముడితోనే నాకు మాటల్లేవండీ. ఇంకొకణ్ణి ఏం చేసుకోను?" అన్నాడు జాస్.

విల్ఫ్ తిండి మానలేదు గాని, తింటున్నదేంటో చూసుకోవడం మానేశాడు.

"గండి పడింది నీ వంతు గోడలో కాదు కదా," అన్నాను విల్ఫ్‌తో. వాగు నుంచి మలుపు దాకా గోడ బాగోగులు జాస్ వంతు, ఆ పైన విల్ఫ్ వంతు. కిందటి చలికాలం కూలిన ముక్క జాస్ వంతులోది. దానికి జాస్ తన పెళ్లినాటి ఇనప మంచం అడ్డం పెట్టి ఊరుకున్నాడు. బిషప్ ఆ మంచం ఎక్కే అవతలికి పోయాడు. "ఆ మాట వాడితో అనొచ్చుగా."

"అంటే ఒప్పు నాదవుతుంది. ఒప్పు నేనేం చేసుకోను? నాకు వాడి పిలుపు కావాలి."

మర్నాడు విల్ఫ్ మంచం లాగేసి గండి దగ్గర గోడ మొదలెట్టాడు. సున్నం, మట్టి లేని రాతి గోడ మాది. రెండు ముఖాలు ఒకదాని మీదికి ఒకటి వాలి నిలబడతాయి, మధ్యలో చిన్న రాళ్లు కూరుతాం. మోకాటి ఎత్తుకి వచ్చాక రెండింటినీ పట్టి ఉంచే పొడుగు రాయి అడ్డంగా పడుతుంది. అందుకే ఎప్పుడూ ఇటొకడు, అటొకడు కడతారు. విల్ఫ్ తన వైపు ముఖం మాత్రమే కట్టాడు. అవతల ఏమీ లేదు. కూరిన రాళ్లన్నీ జాస్ పొలంలోకి కారిపోతున్నాయి. అంత సిగ్గులేని గోడ మా లోయలో ఎవరూ చూసి ఉండరు.

జాస్ పైకి వచ్చాడు. "ఏంటండీ ఇది?"

"గోడ."

"సగమే ఉంది."

"నా వైపంతా ఉంది."

జాస్ నా వైపు తిరిగాడు. "ఆయనతో చెప్పు. ఈ ముక్క నా వంతు, దీని మీద చెయ్యి వెయ్యడానికి ఆయనెవరని."

అన్నాక నోరు అలాగే ఉండిపోయింది. ఊరంతా ఎరిగిన సంగతి తన నోటితో తనే విన్నాడు. గడ్డిలో బోర్లాపడ్డ మంచం వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత కోటు విప్పి దాని కోడుకి తగిలించి, తన వైపు మోకాళ్ల మీద కూర్చుని రాయి అందుకున్నాడు.

జాస్ వైపు గోడ ముఖం కూడా మోకాలెత్తు లేచింది. పొడుగు రాయి వంతు వచ్చింది. నేను పట్టబోతే విల్ఫ్ చూసిన చూపుకి చేతులు జేబులో పెట్టుకున్నాను. చెరో కొసా ఎత్తారు. జాస్ వైపు జారింది.

"మౌన్సీ గా..." అని మొదలెట్టాడు జాస్. రాయి ఆ గౌరవం పూర్తయ్యేదాకా ఆగేలా లేదు. "ఎత్తు మర్రా, నా వేలు, వెధవా, ఎత్తు."

విల్ఫ్ ఎత్తాడు. రాయి కుదురుకుంది. జాస్ వేలు నోట్లో పెట్టుకున్నాడు. విల్ఫ్ కింద చిన్న రాళ్లేవో ఏరడానికి వంగాడు, ఏరాల్సినంతకంటే ఎక్కువసేపు వంగే ఉన్నాడు.

"నీ పెళ్లి మంచం కంటే గట్టిదే," అన్నాడు లేచి.

"నోర్ముయ్ మర్రా."

జాస్ భార్య నాన్ ఆలుగడ్డలు పేర్చి వండిన మాంసం కుండ తెచ్చి పొడుగు రాయి మీద పెట్టింది. పక్కన ఊరేసిన ఎర్ర క్యాబేజీ.

"బిషప్ కాదు," అంది. "ముసలి గొర్రె. తినండి."

విల్ఫ్ అటు, జాస్ ఇటు, నేను మంచం అంచు మీద. ముగ్గురం కుండ ఖాళీ అయ్యేదాకా తిన్నాం.