చెర్రీని పిలిచే పాట

అమ్మకు మాట పడిపోయింది రాజుగారు పరాయి నేల నుంచి దేశానికి తిరిగొచ్చి గద్దెనెక్కిన మరుసటి ఏడు. కుడిచెయ్యి ఒళ్ళో పిండిముద్దలా పడి ఉండేది. రొట్టె కావాలన్నా నీళ్ళు కావాలన్నా "ద, ద" అనేది. సాయంత్రం పాలు పితికే వేళకు గుమ్మంలో కూర్చోబెడితే మాత్రం, "రా చెర్రీ, రావే చెర్రీ, చేల మీద మంచు దిగే, రా" అని ఆవును పిలిచే పాట చివరిదాకా పాడేది. ఆవు వచ్చేది. నేను పక్కనే ఉండేదాన్ని. నా పేరు సిబిల్. ఆ పేరు అమ్మ నోట ఒక్కసారి వినాలని పద్నాలుగు నెలలు ఎదురుచూశాను.

సంతరోజున ఆక్స్‌ఫర్డ్ నుంచి వైద్యుడు పెటిఫర్ గారు వచ్చేవారు. మొదటిసారి, అది చూసి రోగం చెబుతారని అందరిలాగే నేనూ అమ్మ మూత్రం సీసాలో పట్టి ఇచ్చాను. ఆయన దాన్ని కిటికీలో పెట్టేశారు.

"ఇందులో మాట దొరకదమ్మా. ఆమె ఏమంటుందో అది చెప్పు."

"ద, ద" అని కూడా పుస్తకంలో రాసుకున్నారు. పాట విన్న రోజున మూడుసార్లు పాడించారు. మూడుసార్లూ వచ్చిన చెర్రీ చివరికి అలిగి తన్నింది.

"మాట గుండెలో పుడుతుందంటారు కదండీ?" అన్నాను.

"గుండె బాగానే కొట్టుకుంటోంది. నాకు అనుమానం తల మీదే." పుస్తకం మూసి, "తను పోయాక ఒకసారి తెరిచి చూడనిస్తావా?" అన్నారు.

పక్కింటి మార్జరీ పెద్దమ్మ ఊరుకుంటుందా! "ఇచ్చెయ్యవే! తీర్పు రోజున అందరూ సమాధుల్లోంచి లేచి నడుస్తుంటే మీ అమ్మ తల కోసం డాక్టరు ఇల్లు వెతుక్కుంటుంది!"

ఆ సాయంత్రం అమ్మ పాట అందుకోగానే నేనూ గొంతు కలిపి, చెర్రీ ఉన్నచోట నా పేరు పెట్టాను. "రా సిబిల్, రావే..." అమ్మ ఆగిపోయింది. పెదవులు కదిలాయి. ఎడమచేత్తో నా చెంప తడిమి, ఎంతో కష్టపడి, "చెర్రీ" అంది.

"ఆఁ, వచ్చానమ్మా" అన్నాను.

గడ్డికోతల కాలంలో అమ్మ పోయింది. నా పేరు ఆమెలో ఉండిందో లేదో తెలుసుకోవాలని వైద్యుడికి నేనే కబురు పెట్టాను. ఆయన కొట్టంలో తలుపేసుకుని పనిచేసి, చేతులు కడుక్కుని వచ్చారు.

"ఎడమ కణత వెనక మెదడు అక్రోటు కాయంత మేర మెత్తబడిపోయింది. మిగతాదంతా బాగుంది."

"నా పేరు అక్కడుండేదా?"

అవుననో కాదనో అంటే నేను నమ్మేదాన్ని.

"తెలియదమ్మా. పేరే పోయిందో, బయటికొచ్చే దారి పోయిందో నా కంటికి అందలేదు." అని, నా ప్రశ్నను కూడా పుస్తకంలో రాసుకున్నారు.

కుట్లు కనబడకుండా అమ్మకు నారబట్ట టోపీ నేనే కట్టాను.

మర్నాడు పాలవేళ చెర్రీ గేటు దగ్గరే నిలబడిపోయింది. అమ్మ రాగంలోనే పిలిచాను. కదల్లేదు. నన్ను దాటి గుమ్మం వైపు చూస్తోంది. నేనూ వెనక్కి తిరిగి అటే చూశాను.