పదకొండు కూతలు

గ్రీజు డబ్బాలో రెండు వేళ్ళు ముంచి, గేట్లాయన ఏడో గేటు గొలుసుకి ఒక్కో లంకెకూ పట్టిస్తున్నాడు. ఆఫీసువాళ్ళు బ్రష్షు ఇచ్చారు. అది గోడకి అలంకారంగా వేలాడుతోంది. బ్రష్షుకి పగులు తెలియదు, వేలికైతే తెలుస్తుందంటాడు. ముప్ఫైనాలుగేళ్ళుగా ఆనకట్ట మీద అదే పని. పొద్దునా సాయంత్రం నీటిమట్టం చూసి పుస్తకంలో రాస్తాడు. మధ్యాహ్నం పన్నెండింటికి, సరిగా పనిచేస్తోందో లేదో చూడటానికి, సైరన్ ఒకసారి మోగిస్తాడు. చెవి మీద ఎప్పుడూ ఓ పెన్సిలు ముక్క ఉంటుంది. కొరికి కొరికి దాని కొసంతా పీచు తేలింది. మనిషికి కోపం తక్కువ, మాట ఇంకా తక్కువ. ఈయన నోట్లో అసలు నాలుకుందా అని, కొత్తగా వచ్చిన ప్రతి ఇంజనీరూ ఓసారి అనుమానపడ్డవాడే.

ఆ పొద్దున వేళ్ళు గొలుసు మీదున్నా ప్రాణం క్వార్టర్లో ఉంది. ఆనకట్ట చివర మెట్లు దిగితే రెండు గదుల క్వార్టరు. అందులో కిటికీ పక్క మంచం మీద భార్య. గుండె బాగా బలహీనపడింది, ఇంటికి తీసుకెళ్ళి ఆవిడ ఏం తింటానంటే అది పెట్టండి అన్నారు ఆస్పత్రివాళ్ళు. డాక్టర్లు అంత మెత్తగా మాట్లాడారంటే అర్థమేమిటో తెలియనంత అమాయకుడు కాడు. కానీ ఆయన్ని తినేస్తున్నది వేరే. ఆమెతో చెప్పాల్సిన నిజమొకటి పందొమ్మిదేళ్ళుగా గొంతులో ముల్లులా ఉండిపోయింది. చెబితే ఆమె ఏమైపోతుందో, చెప్పకుండా సాగనంపితే తనేమైపోతాడో తెలియడం లేదు.

పందొమ్మిదేళ్ళ కిందటి వరదలో వాళ్ళ ఒక్కగానొక్క కూతురు పోయింది. ఏటి దిగువన ఇసుకతిన్నె మీద అత్తగారికి పుచ్చతోట, ఓ గుడిసె ఉండేవి. అత్తగారికి బొత్తిగా చెవుడు. గేట్లెత్తే ముందు సైరన్ మూడుసార్లు మోగించాలని రూలు. మొదటిది మోగగానే, “అమ్మమ్మకి వినపడదు నాన్నా, నేనెళ్ళి తీసుకొచ్చేస్తా” అంటూ ఆ పదిహేడేళ్ళ పిల్ల గేటుగది గుమ్మంలోంచే పరుగెత్తింది. జాగ్రత్తమ్మా అన్నాడు. పైనుంచి నీరు పోటెత్తింది. గేట్లెత్తకపోతే కట్ట తెగుతుంది, తెగితే కింద నాలుగూళ్ళు తుడిచిపెట్టుకుపోతాయి. ఇంజనీరు ఫోనులో గొంతు చించుకుంటున్నాడు. ఆయన ఆపగలిగినంత సేపు ఆపి, ఎత్తాడు. ఆ ఇద్దరూ తిరిగి రాలేదు. ఇంటికొచ్చి భార్యతో, “అది అటెళ్ళిందని నాకు తెలియదే” అన్నాడు. జన్మకి ఆయన ఆడిన పెద్ద అబద్ధం అదొక్కటే.

ఆమె ఆయన్ని పల్లెత్తు మాట అనలేదు. అనాల్సినవన్నీ దేవుణ్ణి అంది. అంతకుముందు చిన్నపిల్లలకి ప్రార్థనాలయంలో జలప్రళయం నాటి ఓడ కథ చెప్పేది. జంటలు జంటలుగా ఓడెక్కిన జంతువుల బొమ్మలు చూపించి నవ్వించేది. ఆ తర్వాత పరిశుద్ధ గ్రంథాన్ని గుడ్డలో చుట్టి అలమారా పైన పడేసింది. ఓడ ఎక్కనివాళ్ళ బొమ్మలు ఎవరూ వెయ్యలేదేం అనేది. మధ్యాహ్నం పన్నెండు కావస్తుంటే లేచి కిటికీ మూసేది.

నిన్న పాస్టరుగారు చూడటానికొస్తే, ఓడ ఎక్కనివాళ్ళ సంగతే అడిగింది. మంచివాడే పాపం. “ఆయన ప్రేమామయుడే అమ్మా, కానీ న్యాయవంతుడు కూడా. మనుషుల పాపం పండింది” అన్నారు.

“పొత్తిళ్ళలో పిల్లల పాపం ఎప్పుడు పండిందయ్యా? అవి పిందెలే కదా!” అందామె.

పాస్టరుగారు మందులు వేళకి వేసుకోమని చెప్పి వెళ్ళిపోయారు.

పది దాటాక గేట్లాయన చేతులు కడుక్కుని క్వార్టరుకి వచ్చాడు. జావ కాచి నాలుగు చెంచాలు తాగించాడు. ఐదోదానికి ఆమె తల తిప్పేసుకుంది.

“ఏమయ్యా, ఆ పుస్తకం దింపు.”

ఏ పుస్తకమో అడగక్కర్లేదు. స్టూలెక్కి దింపి, దుమ్ము దులిపి ఆమె పక్కన పెట్టాడు. ఆమె దాన్ని తెరవలేదు. మీద చెయ్యి మాత్రం వేసింది.

“రూలు మూడుసార్లే కదా?” అంది.

“దేనికి?”

“సైరన్‌కి.”

“మూడే” అన్నాడు.

“ఆ రోజు పదకొండుసార్లు మోగించావు. ఇక్కడే గుమ్మంలో నించుని లెక్కపెట్టాను. ఏమీ తెలియనివాడు పదకొండుసార్లు ఎందుకు మోగిస్తాడయ్యా?”

గేట్లాయన నేల మీద చతికిలబడ్డాడు. చూరు విరిగి మీద పడ్డా అంతలా కూలిపోయేవాడు కాదేమో. “నాకు చెప్పే వెళ్ళిందే. నేనే పంపించాను. వస్తుందేమో, వస్తుందేమోనని మోగిస్తూనే ఉన్నాను. ఇంకో నిమిషం ఆగితే కట్ట ఆగదన్నారు” అన్నాడు. మంచంపట్టీకి తల ఆనించి చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

ఆమె చెయ్యి వచ్చి నెత్తి మీద వాలింది. గ్రీజంటిన జుట్టని కూడా చూసుకోలేదు.

“నా మీద కోపం రాలేదా?” అన్నాడు.

“రాకేం? రెండేళ్ళు నీ ఎదురుగా కూర్చుని అన్నం తిన్నానా? పిచ్చిమనిషివి, అది దుఃఖమనుకున్నావు.”

“మరి ఎప్పుడు పోయింది?”

“పోలేదు. పదకొండు గుర్తొచ్చినప్పుడల్లా కాస్త తగ్గేది.” కొంతసేపు ఊపిరి కూడదీసుకుంది. “దేవుడి మీదే తగ్గలేదు. ఆయన ఎన్నిసార్లు మోగించాడో ఎవరూ లెక్కపెట్టి రాయలేదుగా.”

ఆయన ముక్కు తుడుచుకున్నాడు. “ఓడ కట్టడానికి ఏళ్ళూ పూళ్ళూ పట్టిందటగా. ఆ సుత్తి చప్పుడు ఊరందరికీ వినపడే ఉంటుంది” అన్నాడు.

“వినపడనివాళ్ళ సంగతో?”

కడిగినా గ్రీజు వదలని వేళ్ళు చూసుకున్నాడు. “పెద్దపెద్ద సంగతులు నాకు తెలియవే. గేటెత్తినవాడికి ఎలా ఉంటుందో తెలుసు. ఆ రోజు నుంచి నేను దిగువకి తలతిప్పి చూడలేదు. ఆయనకి కూడా అలా ఉండకపోతే మాత్రం, ఆయన దేవుడు కాడు.”

గోడ గడియారం పన్నెండుకి పది నిమిషాలు చూపిస్తోంది. ఆయన లేచి, అలవాటుగా కిటికీ మూయబోయాడు.

“ఉండనీ. ఆ పెన్సిలు ఇలా ఇచ్చెళ్ళు.”

“ఎందుకే?”

“నీ సొమ్మేం తినెయ్యనులే” అంది. ఆ మాటకి ఇద్దరికీ రవ్వంత నవ్వొచ్చింది. ఆ ఇంట్లో నవ్వు వినపడి ఎన్నాళ్ళయిందో!

ఆయన పెన్సిలు ఆమె చేతిలో పెట్టి, మెట్లెక్కి వెళ్ళి సైరన్ పిడి తిప్పాడు. కూత ఏటి మీదుగా సాగి సాగి ఆగిపోయింది. పందొమ్మిదేళ్ళలో మొదటిసారి దిగువకి చూశాడు. ఇసుకతిన్నె ఖాళీగా ఉంది. రెండు కొంగలు తిరుగుతున్నాయి. కళ్ళనిండా చూసుకుని, ఏడో గేటు గొలుసులో మిగిలిన లంకెలకి కూడా గ్రీజు పట్టించి, ఒంటిగంట దాటాక ఇంటికొచ్చాడు.

ఆమె వెళ్ళిపోయింది. తల కిటికీ వైపు తిరిగి ఉంది. ఒళ్ళు ఇంకా పూర్తిగా చల్లబడలేదు. ఆయన ఆమె కళ్ళు మూసి, కొంగు సర్ది, మంచం పక్కన కూర్చున్నాడు. అబద్ధం మోయాల్సిన పని ఇక లేదు, నిజం చెప్పుకోవడానికి మనిషీ లేదు.

చాలాసేపటికి పుస్తకం మీద దృష్టి పడింది. ఓడ కథ దగ్గరే తెరిచి ఉంది. మనుషుల్ని చేసినవాడు వాళ్ళని చూసి మనసులో నొచ్చుకున్నాడన్న వాక్యం పక్కన, అంచులో, పెన్సిలుతో నిలువుగా గీసిన చిన్న గీతలున్నాయి. వేలు పెట్టి లెక్కపెట్టాడు. పదకొండు. చివరిది వణికి కాస్త కిందికి జారింది. పెన్సిలు ఆ పేజీలోనే ఉండగా పుస్తకం మూశాడు.

సాయంత్రం ఆరింటికి నీటిమట్టం రాయడానికి చెవి మీద తడుముకుంటే పెన్సిలు లేదు. కబురు తెలిసి వచ్చిన జనంతో నిండిన ఆ గదిలో, మూసిన పుస్తకం మధ్య నుంచి దాని కొరికిన కొస బయటికి కనపడుతూనే ఉంది.