ఆరువందలో మంచం

కాటాలాయన తన జీవితంలో పదివేల హోటలు మంచాల మీద పడుకున్నాడు. వాటిలో ఒక్కటి కూడా ఆయన కింద కిర్రుమని ఎరగదు. ఇది అబద్ధమైతే చెప్పేవాడి మీసం సగం గొరిగించండి. ఏ సగమో మీ ఇష్టం.

ఆ మధ్యాహ్నం కూడా రెండొందల పద్నాలుగో గదిలో అడుగుపెట్టగానే ఆయన చేతిసంచి కుర్చీలో పడేసి, చొక్కా చేతులు పైకి మడిచి, మంచం పక్కన మోకాళ్ల మీద కూలబడ్డాడు. సంచిలోంచి జానెడు రసమట్టం తీసి పరుపు కింది చెక్క మీద ఆనించాడు. గాజులో బుడగ తలవైపుకి పాకింది.

"చూశావా, కాళ్లవైపు ఎడమది పొట్టి" అన్నాడు, పాత చుట్టాన్ని గుర్తుపట్టినట్టు.

జేబులోంచి గడువు తీరిన పాత గోల్డ్ కార్డు ఒకటి తీశాడు. కత్తెరతో బొటనవేలంత ముక్క కత్తిరించి, భుజంతో మంచం ఎత్తి, కాలి కిందికి తోశాడు. బుడగ నింపాదిగా నడిమికి వచ్చి కూర్చుంది.

కిటికీ దగ్గర నిలబడిన భార్య నవ్వాపుకోలేదు. "నాలుగు వీధుల అవతల ఇల్లు పెట్టుకుని, ఇక్కడికొచ్చి మంచానికి వైద్యమా? మన మంచం ముప్పై ఏళ్లుగా కుంటుతోంది. ఒక్కనాడైనా దాని మొహం చూశారా?"

"ఇంటి మంచం మనల్ని ఎరుగును. సర్దుకుపోతుంది."

మిల్లుల్లో, గోదాముల్లో తూకం యంత్రాలు బాగుచేయడం ఆయన పని. అందుకే అందరికీ కాటాలాయన. ఊరూరా తిరిగే ఉద్యోగం కాబట్టి ఊరూరా హోటలు. ఇక పదివేలన్నది కొంచెం పొంగిన లెక్క, మీసం జోలికి మాత్రం రాకండి. నికరంగా తూస్తే, కార్డు లెక్కకి వచ్చినవి ఐదువందల తొంభై తొమ్మిది. ఆ హోటళ్లవాళ్ల దగ్గర ఏడాదికి అరవై రాత్రులు పడుకుంటే గోల్డ్ కార్డు. ఒక్క రాత్రి తగ్గినా మళ్లీ మొదటి మెట్టు. వరసగా పదేళ్లు నిలబెట్టుకుంటే ఆ కార్డు ఇక బతికున్నంత కాలం మనదే. యాభై ఎనిమిదో రాత్రి దగ్గర ఏ యంత్రానికీ జబ్బు చేయకపోతే ఆయనే మిల్లులకు ఫోన్ చేసి "ముల్లు కులాసాయేనా?" అని పరామర్శించేవాడు. అరవై నిండాక మాత్రం ఎంత పొద్దుపోయినా బస్సెక్కి ఇంటికొచ్చేసేవాడు. అలా తొమ్మిదేళ్లు గట్టెక్కాడు. పదో ఏడు, యాభై తొమ్మిది దగ్గర, కంపెనీ చేతిలో గోడగడియారం పెట్టి రిటైరు చేసింది. ఆ ఏటి లెక్క మర్నాడు మధ్యాహ్నంతో మూత. అందుకే ఉన్న ఊళ్లోనే ఈ గది.

ఇంత పట్టుదల ఎందుకంటే, కార్డు లేని రోజుల్లో ఒకసారి ఆయన ఒళ్లు కాలే జ్వరంతో ముసుగుతన్ని ఉంటే, పదకొండు కొట్టగానే తలుపు తట్టి లేపారు. వాళ్ల తప్పేం లేదు, నియమం అది. సాయంత్రం రైలు దాకా స్టేషన్‌లో తూకపురాళ్ల పెట్టె మీద కూర్చుని వణికాడు. గోల్డ్ వాళ్లను నాలుగింటి దాకా ఎవరూ లేపరని ఆరోజే తెలిసింది. ఆ పెట్టె మీదే పంతం పట్టాడు. మరో సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. పెళ్లయిన నాటినుంచి భార్య పొద్దున ఐదు దాటి పడుకోగా ఆయన చూడలేదు.

తాళం ఇచ్చేటప్పుడే కౌంటర్‌లో అమ్మాయి హెచ్చరించింది. "ఏమనుకోకండి సర్. కొందరు రాత్రులు లెక్కలో కలవాలని తాళం తీసుకుని ఇంటికెళ్లి పడుకుంటున్నారు. అందుకని పక్క నలిగిందో లేదో పొద్దున గదులు సర్దే ఆవిడ చూసి రాస్తుంది. నలగకపోతే ఆ రాత్రి లెక్కకి రాదు."

"ఒళ్లు నలిగేలా పడుకుంటాం తల్లీ" అన్నాడాయన.

అన్నట్టే పడుకున్నాడు కూడా. తెల్లారి గడ్డం గీసుకుని, భార్యతో కిందికి దిగి, తీరిగ్గా టిఫిను తిని పైకి వెళ్లబోతుంటే కౌంటర్ అమ్మాయి ఆపింది. "సర్... మీ గదికి 'పడుకోలేదు' అని రాసి ఉంది."

కాటాలాయన భార్యవైపు చూశాడు. ఐదింటికే లేచిన ఆవిడ అలవాటు కొద్దీ దుప్పటి ముడత లేకుండా లాగి, మూలలు దోపి, దిండ్లు నిలబెట్టి, గ్లాసులు కడిగి బోర్లించి వచ్చింది.

"పక్క నేనే సర్దానమ్మా! లేచిన పక్క అలా వదిలేస్తే అది కొంపా, గొడ్లచావిడా?"

"అందరూ ఇదే చెప్తారు ఆంటీ."

ఆవిడ మొహం చిన్నబోయింది. "పదేళ్ల మీ కష్టాన్ని దుప్పట్లో చుట్టి మడతపెట్టేశానా?" అంది భర్త చెవిలో.

"ముల్లు ఇంకా ఊగుతోంది. ఆగనీ" అని, కౌంటర్ అమ్మాయివైపు తిరిగాడు. "ఒక్కసారి పైకి రా తల్లీ."

గదిలో సర్దే ఆవిడ నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. "మనిషి పడుకున్న పక్కేనా ఇది? నేను సర్దినా ఇంత తిన్నగా ఉండదు."

ఆయన మంచంవైపు చెయ్యి చూపాడు. "ఆ మంచం ఒకసారి ఊపమ్మా."

ఆవిడ మోకాలితో నెట్టింది. మళ్లీ నెట్టింది. "ఇదేం చోద్యం! నాలుగు నెలలుగా కుంటుతోంది. చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది." వంగి కాలి కిందికి చూసింది. "ఏదో కార్డు ముక్క. 'చెల్లును' అని ఉంది. తేదీ తెగిపోయింది."

"కాలు సర్దేసి ఇంటికెళ్లి ఉండొచ్చుగా సర్?" అంది కౌంటర్ అమ్మాయి, పాపం దాని ఉద్యోగం దానిది.

"పడుకోనివాడికి మంచం ఎటు వాలితే ఏం తల్లీ?"

సర్దే ఆవిడ చెవి మీది పెన్సిలు తీసి, కాగితం మీద తాను రాసిందాన్ని తానే కొట్టేసింది. "పడుకున్నారు. రాసుకోవే."

వాళ్లు వెళ్లాక ఆయన దుప్పటి ఒక మూల లాగి వదిలాడు. "ఇప్పుడు పడుకో. నాలుగింటి దాకా మనల్ని లెమ్మనే మొనగాడు లేడు."

"పట్టపగలా? సిగ్గులేకపోతే సరి" అంటూనే ఆవిడ అంచున ఒరిగింది. పది నిమిషాల్లో గుర్రు మొదలైంది. ఆయన రసమట్టం ఒళ్లో పెట్టుకుని, తలుపుకెదురుగా కుర్చీ వేసుకుని, కాపలా కూర్చున్నాడు.

కొత్త కార్డు నెల తర్వాత వచ్చింది. గడువు తేదీ ఉండాల్సిన చోట ఏమీ లేదు. వానలు మొదలైన వారంలో ఒక మధ్యాహ్నం కాటాలాయన ఇంటి కుంటిమంచం మీద నడుం వాల్చాడు. నాలుగు కొట్టేదాకా భార్య ఆయన్ని లేపలేదు. కొట్టాక లేపితే లేవలేదు.

ఇందులో చెప్పేవాడు సొంతంగా చేర్చింది ఇంకొక్కటుంది, ఆ ముక్క మీది మాట. సర్దే ఆవిడకి ఆరోజు కళ్లద్దాలు లేవు. వంగిందే గాని చదవలేదు. దాని మీద ఏ అక్షరాలు మిగిలాయో ఎవరికీ తెలియదు. ముక్క మాత్రం నిజం. బొటనవేలంత, బంగారు రంగు వెలిసిన అట్టముక్క, రెండొందల పద్నాలుగులో మంచం ఎడమకాలి కింద ఇంకా ఉంది. ఆవిడ చీపురు రోజూ దాని దాకా వచ్చి, పక్కకి తిరిగి వెళ్తుంది.