సత్తవ్వ నుదురు

మధ్యాహ్నం రెండయ్యేసరికి కంప్యూటర్ ఆటల కంపెనీ నుంచి బొమ్మ మూడోసారి వెనక్కి వచ్చింది. చర్మం బాగుందట, ముడతలు అచ్చం మనిషివేనట, నుదుటి మీద ఆకుపచ్చ మచ్చ మాత్రం ఇంకా లీలగా కనిపిస్తోందట. భాగ్యశ్రీ కళ్ళు నులుముకుని మళ్ళీ మొదలుపెట్టింది.

ఆ స్టూడియో చిక్కడపల్లిలో ఒక మిఠాయి కొట్టు మీద రెండో అంతస్తులో ఉంది. కంప్యూటర్ ఆటల్లోని బొమ్మలకు పైతోలు వేయడం ఆమె పని. టెక్స్చర్ అంటారు దాన్ని. గోడకైతే చెమ్మ, చెక్కకైతే గీతలు, మనిషికైతే చర్మం. గ్రూప్స్ రాద్దామని సిద్దిపేట వైపు నుంచి అశోక్‌నగర్ హాస్టల్‌కు వచ్చిన పిల్ల. పరీక్షలు వాయిదా పడుతూ పోయాయి, వయసు మాత్రం వాయిదా పడలేదు. కూటి కోసం కోటి విద్యలన్నారు కనుక, ఇది నేర్చుకుని నెలకు పద్దెనిమిది వేలకు ఈ కుర్చీలో కూలబడింది.

ఈసారి చేస్తున్నది శ్మశానంలో తిరిగే ముసలి దెయ్యాన్ని. దాని తోలు సత్తవ్వది. సత్తవ్వ ఆ ఆఫీసు ఊడ్చి తుడిచే మనిషి, రోజూ రాంనగర్ నుంచి నడిచి వస్తుంది. యజమాని కృష్ణచైతన్య ఒకరోజు ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి, చుట్టూ తిరిగి వంద ఫోటోలు తీసి, ఐదు వందల నోటు చేతిలో పెట్టాడు. సినిమాకేమో అనుకుని ముసలిది వాడంతా చెప్పుకుంది. అసలు సంగతి తెలిసీ భాగ్యశ్రీ రెండు వారాలు నోరు మూసుకుని కూర్చుంది. అందుకు తనంటే తనకే రోతగా ఉంది.

ఆ మచ్చ సత్తవ్వ పచ్చబొట్టు. చిన్ననాడు పొడిపించినది, లోపలికంటా దిగిపోయింది. ఎంత చెరిపినా నీడ మిగులుతోంది.

మూడు గంటలకు కృష్ణచైతన్య ఒక కాగితం, సిరా డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఈ మొహాన్ని ఎక్కడైనా, ఎన్నాళ్ళయినా, ఎలాగైనా వాడుకోవచ్చని ఆ కాగితం. వేలిముద్రతో నాలుగింటికల్లా పంపకపోతే కంపెనీవాళ్ళు బొమ్మ తీసుకోరట.

"మీ యాసలో నువ్వయితే నచ్చజెబుతావు కదమ్మా. వేయించెయ్" అని వెళ్ళాడు.

సత్తవ్వ బకెట్ పక్కన పెట్టి, కొంగుకు చేయి తుడుచుకుని వచ్చింది. ఎందుకని అడగకుండానే వేలు చాచింది. భాగ్యశ్రీ ఆ వేలు పక్కకు జరిపి, కాగితంలో ఉన్నదంతా విడమరిచి చెప్పింది. దెయ్యం సంగతీ చెప్పింది. చెప్పి, తెర ఆమె వైపు తిప్పింది.

మొహం తెర మీద ఆరేసిన తోలులా బల్లపరుపుగా పరిచి ఉంది. దెయ్యమన్నందుకు సత్తవ్వకు కోపం రాలేదు. చాలాసేపు చూసి, తన నుదురు తడుముకుంది.

"నా పచ్చబొట్టేది బిడ్డా?"

తీసేయమన్నారని, తీసింది తానేనని భాగ్యశ్రీ తలవంచుకుని చెప్పింది.

"సచ్చినంక ఎంబడొచ్చేది గదొక్కటే అని మా అవ్వ పొడిపిచ్చింది. గది తీసినంక ఇది నా మొఖమెట్లయితది? నాది గానిదానికి నేనెందుకేస్త ఏలు?"

బకెట్ అందుకుని మెట్లు కడగడానికి పోయింది.

సంగతి విని కృష్ణచైతన్య అరవలేదు. ఎవర్నీ పల్లెత్తు మాట అనని మనిషి. అలాంటివాళ్ళతోనే కష్టం, ఎదురు తిరగాలన్నా మొహమాటమే.

"అక్కడ చూసేవాడెవడమ్మా? ఎవరి వేలయితే ఏంటి, నువ్వు వేసెయ్" అన్నాడు.

ఈ కుర్చీ పోతే మళ్ళీ స్టడీహాలు, మళ్ళీ నోటిఫికేషన్ కోసం ఎదురుచూపులు. భాగ్యశ్రీకి భయం వేసింది.

"నేనెయ్య సార్" అంది.

అతను నిట్టూర్చి, చొక్కా చేతులు పైకి మడిచి, తన బొటనవేలే సిరాలో అద్దాడు. సత్తవ్వ అని రాసి ఉన్న చోట నొక్కి, రుమాలుతో నిమ్మళంగా తుడుచుకున్నాడు. కాగితం ఆమె ముందుకు జరిపి, ఫోటో తీసి బొమ్మతో పాటు పంపమన్నాడు.

భాగ్యశ్రీ మౌస్ మీది చేయి తీసి ఒళ్ళో పెట్టుకుంది. అతను ఇంకోసారి చెప్పాడు. ఆమె కదల్లేదు. నాలుగు దాటింది.