ఏ నరం?

నీళ్ల బిందెతో లచ్చవ్వ గడప దగ్గర కూలబడింది. కుడి మోకాలు మళ్లీ మోసం చేసింది. మొగుడు మార్కండేయులు కుర్చీలోంచి లేవలేదు.

"శురువైంది నాటకం" అన్నాడు.

గుండె పరీక్షకని నిజామాబాద్‌లో ఆమె కుడి గజ్జలోంచి సన్నటి గొట్టం ఎక్కించారు. గుండె బాగానే ఉందన్నారు. గజ్జ కమిలి ఉబ్బింది, తర్వాత వాపు తగ్గింది. తొడ ముందు భాగం మాత్రం అప్పటి నుంచి మొద్దుబారే ఉంది. గిల్లినా తెలియదు. కింద కూర్చుంటే లేవలేదు. ఆమె బీడీలు చుట్టే చాట మూలకు చేరింది.

నరం పోయిందని ఆమె మొత్తుకుంటే మళ్లీ నిజామాబాద్ తీసుకుపోయాడు. అక్కడ స్కానింగ్ చేసి, నరం మంచిగుందన్నారు. ఆ మాటను మార్కండేయులు బజారులో, చుట్టాల దగ్గర, కోడలి ముందు చెప్పుకుంటూ తిరిగాడు. "మిషన్ అబద్ధం చెప్తదా? పనిదొంగ."

ఈసారి ఆమె బాన్సువాడ దవాఖానకే పోదామంది.

"పా. నీ నాటకం డాక్టరు ముంగటనే బయటపడ్తది."

డాక్టర్ ప్రసన్న ఎదుట లచ్చవ్వ కాలు చాపింది. "నరం పోయింది బిడ్డా."

"నరం మంచిగనే ఉంది మేడం, సూడుండ్రి." అతను స్కానింగ్ కాయితం ముందుకు తోశాడు.

డాక్టర్ చదివింది. రబ్బరు సుత్తితో ఎడమ మోకాలి కింద కొట్టింది. కాలు ఎగిరింది. కుడి కాలు కదలలేదు.

"ఇందులో చూసింది రక్తం పోయే నరం. ఆమె చెప్పేది స్పర్శ తెలిపే, మోకాలిని నిలబెట్టే నరం. మనం రెండింటినీ నరమనే అంటాం. గజ్జలో గడ్డకట్టిన రక్తం ఈ రెండోదాన్ని నొక్కేసింది."

"నటిస్తలేదంటరా మేడం?"

"ఆ తొడ చూడండి, ఎంత సన్నబడిందో. కండ నాటకాలాడుతుందా?"

"బలం తిరిగొస్తదా?" అంది లచ్చవ్వ.

"వ్యాయామం చేయాలి. నెలలు పడుతుంది. మొత్తం వస్తుందని చెప్పలేను. ముందే రావాల్సింది."

ఇంటికొచ్చాక అతను అన్నాడు, "నాకేం ఎర్క? నరమంటే ఒక్కటే అనుకున్న."

లచ్చవ్వ అతని కుర్చీలో కూర్చుంది.

"గా చాట తీస్కరా."

తెచ్చి ఆమె ఒళ్లో పెట్టబోయాడు.

"నాకెందుకు? కింద కూసోని నీ ఒళ్లె పెట్టుకో. నీ నరాలు రెండూ మంచిగనే ఉన్నయి గద. చుట్టు."

అతను కూర్చున్నాడు. తొలి ఆకు చేతిలోనే చినిగింది.

"ఇంకోటి తీస్కో" అంది లచ్చవ్వ.